రెండే గడులు

డోరీన్ స్టాక్‌డేల్‌కు యాభై తొమ్మిదేళ్ళు. మొంటానాలోని కార్వర్ ఫ్లాట్‌లో, పశువుల దాణా కొట్టు పక్కన, సెనేటర్ హాల్వర్సన్ గారి ఊరి ఆఫీసు ఉంది. అక్కడ ఇరవై రెండేళ్ళుగా ఫోనెత్తేది ఆవిడే. సెనేటర్లు రాజధానిలో చట్టాలు చేస్తారని పిల్లలు బడిలో చదువుకుంటారు. కార్వర్ ఫ్లాట్ వాళ్ళకు మాత్రం సెనేటరంటే డోరీన్. ఆగిపోయిన పింఛను, రాని పాస్‌పోర్టు, ఆసుపత్రి వాళ్ళు తిప్పి పంపిన దరఖాస్తు, ఏదైనా ఆవిడ చేతిలో పడితే అవతలి గుమస్తాకు నిద్ర ఉండదు. జిడ్డులా పట్టుకుంటుంది.

ఆర్లో ఫెంటన్‌కు నర్సును తెప్పించింది అలాగే. కుర్రతనంలో యుద్ధానికి వెళ్ళి, తిరిగొచ్చి రాగి గనిలో ముసలివాడైన మనిషి. భార్య లేదు, పిల్లలు లేరు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయి, సగమే తిరిగొచ్చింది. ఒక్క మాట బయటికి రావాలంటే ముందు నాలుగు బరువైన ఊపిర్లు తీయాలి. నర్సు వారానికి మూడుసార్లు వచ్చిపోతుంది గనకనే సొంత ఇంట్లో ఉండగలుగుతున్నాడు. లేకపోతే మూడు గంటల దూరంలో ఉన్న మాజీ సైనికుల ఆశ్రమానికి పంపేస్తారు. ఆ ఆశ్రమం పేరెత్తితే ఆయన కళ్ళలో భయం కనిపిస్తుంది. నర్సు ఇంకా కావాలా అని ఏటా అక్టోబరులో ప్రభుత్వం నుంచి ఓ ఉత్తరం వస్తుంది, గడువులోగా జవాబు వెళ్ళకపోతే నర్సు రావడం ఆగిపోతుంది.

"ఉత్తరం రాగానే నాకు ఫోన్ కొట్టండి ఆర్లో గారూ. మంచులో నడిచి రాకండి. మీరు ఎంతసేపు మాట్లాడినా వింటాను, పూచీ నాది" అని వేసవిలోనే చెప్పింది డోరీన్.

ఇంతలో సెప్టెంబరు చివర అత్యున్నత న్యాయస్థానంలో ఓ పెద్ద జడ్జి చనిపోయాడు. ఎన్నికలకు ఇంకా ఆరువారాలుంది. సమాధి మీద పూలు వాడకముందే కుర్చీ కోసం కొట్లాట మొదలైంది. ఎన్నికలయ్యేదాకా ఆగాలని ఒకప్పుడు గొంతు చించుకున్న పార్టీ ఇప్పుడు ఒక్కరోజు కూడా ఆగనంది. ఆగకూడదని అప్పుడు అరిచిన పార్టీ, ఆగకపోతే దేశం నాశనమంది. సిగ్గన్నది రెండు చోట్లా లేదు. కొత్త జడ్జిని ఒప్పుకోవాల్సిన సెనేటర్ల ఓట్లు చెరిసగం ఉన్నాయి. ఎటూ తేల్చని ఒకే ఒక్క సెనేటరు మన హాల్వర్సన్. ఇంకేం, దేశంలోని నోళ్ళన్నీ కార్వర్ ఫ్లాట్ ఫోను మీద పడ్డాయి.

ఆఫీసు పెద్ద క్లిఫ్ డోరీన్ బల్ల మీద కొత్త తెర పెట్టించాడు. ఫోన్ చేసినవాళ్ళ నంబరు దాని మీద పడుతుంది. పక్కన, కొత్త జడ్జి ఇప్పుడే కావాలా అన్నదానికి రెండు గడులు: 'ఔను', 'కాదు'. ఏదో ఒకటి నొక్కితేనే తర్వాతి ఫోను వస్తుంది.

"ఇంకేదైనా పని మీద చేస్తే?" అంది డోరీన్.

"ఈ మూడు వారాలూ ఇంకే పనీ లేదు. సాయంత్రం అయిదింటికి రాజధానికి అంకె వెళ్ళాలి. కబుర్లు పెట్టుకోకు" అన్నాడు క్లిఫ్. ఆవిడ ఊరుకుంది. ఇరవై రెండేళ్ళలో ఊరుకోవడం అదే మొదటిసారి.

మొదటి రోజు నాలుగొందల ఫోన్లు, వారం తిరిగేసరికి పదిహేను వందలు.

"మీ సెనేటర్ ఒప్పుకున్నాడో, వాడి ఇల్లెక్కడో మాకు తెలుసు. నీదీ తెలుసు."

"జీతం తీసుకుంటూ ఎలా నిద్రపోతున్నావే? సిగ్గులేదా?"

"ఓట్లేసింది మేము, కుర్చీ మాది. ఆ ముక్క రాసుకో. చెయ్యి పడిపోయిందా?"

తిట్టేవాళ్ళు కొంత నయం. కొందరు ఏమీ అనరు. ఊరికే ఊపిరి వినిపిస్తూ, భయపెడుతూ, ఫోను పట్టుకుని కూర్చుంటారు. మొదట్లో డోరీన్ ఎవరండీ అని రెండు మూడుసార్లు అడిగి చూసేది. తర్వాత లెక్కలేకుండా పోయింది. ఊపిరి వినబడగానే, "ఆ, మీరు వ్యతిరేకం, రాసుకున్నాను" అనేసి 'కాదు' నొక్కేది. గడులు మరీ ఒకవైపే నిండుతున్నాయని అనిపించిన పూట 'ఔను' నొక్కేది. నంబరు చూడటం ఎప్పుడో మానేసింది.

అక్క మార్విస్ కూడా వదల్లేదు. చర్చి ఆడవాళ్ళను పోగేసి, వంతులవారీగా రోజుకు నలభైసార్లు ఫోన్లు చేయించేది, తానూ చేసేది.

"అక్కా, నీ గొంతు నాకు తెలీదా? పొద్దున్నుంచి ఇది ఆరోసారి."

"అయితే ఆరుసార్లూ 'ఔను' నొక్కవే. నొక్కనట్టు తెలిసిందో, మా గుమ్మం తొక్కొద్దు."

"నీ గుమ్మం నువ్వే ఉంచుకో!" అని ఫోను పెట్టేసింది డోరీన్. ఆ ఆదివారం అక్క ఇంట్లో భోజనానికి వెళ్ళలేదు. ఎవరూ పిలవనూలేదు.

హాల్వర్సన్ చివరికి 'ఔను' అన్నాడు. ఒక్క ఓటు తేడాతో కుర్చీ నిండింది. మర్నాడు ఫోను చచ్చినట్టు పడి ఉంది. గెలిచినవాళ్ళెవరూ థాంక్స్ చెప్పడానికి చేయలేదు. మధ్యాహ్నం మార్విస్ ఒక్కతే ఆఫీసుకొచ్చింది, తలుపు తోసుకుని.

"ఏం, గెలిచామని డప్పు కొట్టడానికొచ్చావా?" అంది డోరీన్.

"మా వీధిలో ఆర్లోను తీసుకెళ్ళిపోయారు. నిన్న వ్యాను వచ్చింది. ఇద్దరు మోసుకెళ్ళారు. తలుపు చెక్క పట్టుకుని వదల్లేదే ఆ ముసలాయన! నీకు ఫోన్ చేస్తే ఎత్తి పెట్టేశావట. కాగితం మీద రాసి నాకు చూపించాడు. ఏం మనిషివే నువ్వు?"

డోరీన్ తెర తిప్పి ఆర్లో నంబరు వెతికింది. తొమ్మిది ఫోన్లు, నాలుగు రోజుల్లో. ఆఖరిది గడువు రోజు సాయంత్రం, నాలుగూ యాభైకి. ఏడు 'కాదు', రెండు 'ఔను'.

"మీ నలభై ఫోన్ల మధ్య ఆయన గొంతు ఎలా తెలుస్తుంది?" అని అరిచింది.

"నా మీదకు తొయ్యకు. నేను నోరు విప్పి మాట్లాడాను. ఆయన ఊపిరికి గడి నొక్కింది నువ్వు."

ఆ మాట నిజం. అందుకే డోరీన్‌కు అక్కను కొట్టాలనిపించింది.

ఆ వారమంతా పాత డోరీన్‌లా పోరాడింది. ఉత్తరాలు రాసింది, అవతలి గుమస్తాలను కడిగేసింది, సెనేటర్ చేతే ఫోన్ చేయించింది. గడువు దాటింది, నర్సును వేరే ఊరికి వేశారు, ఇంకేమీ చెయ్యలేమన్నారు. వచ్చే అక్టోబరులో మళ్ళీ పెట్టుకోవచ్చట. ఎనభై మూడేళ్ళ మనిషికి వచ్చే అక్టోబరు గురించి చెబుతున్నారు!

శనివారం కారు తీసుకుని ఆశ్రమానికి వెళ్ళింది. ఆర్లో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఎవరిదో వదులు చొక్కా తొడిగారు. వారంలోనే సగమైపోయాడు. ఆవిడను చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఆర్లో గారూ, తప్పంతా నాదే. మీరని అనుకోలేదు. బెదిరించేవాళ్ళనుకుని ఏదో గడి నొక్కేశాను. మీ పేరున ఏడు 'కాదు'లు, రెండు 'ఔను'లు పంపాను రాజధానికి."

ఆయన నోరు తెరిచాడు. ఊపిరి తీశాడు, వదిలాడు, మళ్ళీ తీశాడు. డోరీన్ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. గదిలో అవతలి మంచం ముసలాయన టీవీలో కొత్త జడ్జి ప్రమాణం చేస్తుంటే చప్పట్లు కొడుతున్నాడు.

"ప్రతిసారీ..." అన్నాడు ఆర్లో. మళ్ళీ ఊపిరి. మెడ నరాలు పొంగాయి. "నీ పేరు... చెప్పే లోపే... పెట్టేశావు."

డోరీన్ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన ఆ చేతిని నెమ్మదిగా దుప్పటి కిందకు లాక్కున్నాడు.