స్కూటర్ వైరు పట్టిన చేపలు

నాకు ముక్కు మీదే కోపం. ఇంజను విప్పి కూర్చున్నప్పుడు ఎవరైనా సలహా ఇస్తే ఒళ్లు మండేది. నిజామాబాద్ బస్టాండు వెనక ఒక షెడ్డులో స్కూటర్లు, కిరసనాయిల్ పంపుసెట్లు బాగుచేసేవాణ్ని. నాకు రాని ఇంజను లేదని నా నమ్మకం. చుట్టుపక్కల వాళ్లు కూడా నమ్మారు, అదే నా కొంప ముంచింది.

ఎనభైల చివర్లో, నందిపేట్ దగ్గర గోదావరి ప్రాజెక్టు నీళ్లలో చేపలూ, నీటి గడ్డీ ఎక్కడెక్కడ ఎంతున్నాయో చూడడానికి సర్కారు తరఫున ఒక మేడం వచ్చింది. ఆమె పడవకు ఇంజను నడపడానికి నన్ను పెట్టుకున్నారు. మేడం ఎడపల్లి పక్కన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఇంటి ఆడపిల్ల. సంచిలో చెరుకు ముక్కలు లేకుండా పడవ ఎక్కేది కాదు.

ఆమె దగ్గర ఒక పెట్టె ఉండేది. దాని తీగ చివరనున్న బిళ్లను పడవ పక్క నుంచి నీళ్లలోకి దించేవాళ్లం. అది మన చెవికి అందని చప్పుడును కిందికి వదులుతుంది. ఆ చప్పుడు నేలకు తగిలి, గడ్డికి తగిలి, చేపకు తగిలి తిరిగొస్తే, పెట్టెలోని సూది దాన్ని కాగితం చుట్ట మీద నల్లగా గీస్తుంది. అడుగున నేల లావుపాటి గీత. దాని మీద గడ్డి, నాలుగు రోజులు గీసుకోని గడ్డంలాగా. చేప అయితే గోటి గుర్తంత. మొదటిరోజు ఆ కాగితం చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయాను, ఇంజను ఆపడం మరిచి పడవను తీసుకెళ్లి ఒడ్డుకు గుద్దాను. మేడం పడబోయి నిలదొక్కుకుని, "బాగుంది కదా?" అని మాత్రం అడిగింది.

"చేపలు బాగా కనిపిస్తే ఈ పని ఏడాది పొడుగునా సాగుతుంది. అప్పుడు ఇంజను డ్రైవరుగా మిమ్మల్నే పక్కాగా తీసుకోమని రాస్తాను" అంది ఒకరోజు. ఆ మాట ఇంట్లో చెప్పాను. మా ఆవిడ బీడీలు చుట్టే మనిషి. మర్నాటికల్లా గల్లీలో చాట ముందర కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలిసిపోయింది, నాకు సర్కారు నౌకరి వచ్చిందని.

ఆ వారమే పడవ ఇంజను ప్లగ్గు వైరు పగిలింది. దానికి సరిపోయే వైరు నందిపేట్‌లో దొరకలేదు. నా సంచిలో ఒక పాత స్కూటర్ వైరుంటే కోసి తగిలించాను. బర్రుమని లేచింది. "గింతే మేడం. దిమాగ్ ఉండాలె" అని కాలరు సర్దుకున్నాను.

ఆ రోజు నుంచి చేపలే చేపలు. నడినీళ్లలో పడవ ఉరికితే కాగితమంతా చుక్కలు. గడ్డి దగ్గరికొస్తే, ఇంజను రెక్కకు చుట్టుకుంటుందని నేను వేగం తగ్గించేవాణ్ని, అక్కడ మాత్రం చుక్కలు తక్కువ. చేపలు గడ్డికి దూరంగా ఉంటున్నాయని మేడం రాసుకుంది. గడ వేసే బెస్తాయన ఒకడు మా పడవలో ఉండేవాడు. "నడిమి నీళ్లల్ల గిన్ని చేపలుంటే మేమంతా గడ్డి పొంటి వలలెందుకు ఏస్తం అన్నా?" అన్నాడు నాతో. "నీ గడ నువ్వు ఎయ్యి. మిషన్ సంగతి నీకేంది?" అని కసిరాను.

పదకొండు రోజులు గడిచాక ఆదివారం వచ్చింది. పొద్దున గల్లీ జనమంతా మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. బయట ఎవరిదో పాత స్కూటర్ పోయింది. ఎప్పటిలాగే బొమ్మ మీద చుక్కలు లేచాయి. స్కూటర్ దూరమయ్యాక పోయాయి. అందరూ ఆ స్కూటర్‌వాణ్ని తిట్టారు. నాకు మాత్రం నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఆ చుక్కలు నేను ఎక్కడ చూశానో నాకు తెలుసు. చేపలు కావు, నా వైరు లోంచి కారి మేడం పెట్టెలోకి దూరుతున్న కరెంటు. ఇంజను పెంచితే ఎక్కువ, తగ్గిస్తే తక్కువ.

చెబితే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అంటారే, అదీ నా గతి. చెబితే నౌకరి పోతుంది. ఒప్పుకోవడమెందుకు, మంచి వైరు కొని చడీచప్పుడు లేకుండా మార్చేద్దామనుకున్నాను. సోమవారం ఆ వైరు జేబులో పెట్టుకునే బస్సెక్కాను.

పడవలో మేడం హుషారుగా ఉంది. "రిపోర్టు మొదలుపెట్టానండీ. ఈ గడ్డి వల్ల లాభం లేదు, మందు కొట్టి తీసేయమని రాస్తున్నాను" అంది. గడ వేసే ఆయన తల తిప్పి గడ్డి వైపు చూశాడు. నాకిక కూర్చోబుద్ధి కాలేదు.

"మేడం, గవి చేపలు కావు. నా వైరు" అన్నాను.

టీవీ సంగతి చెప్పాను. ఆమె పెట్టె ముందు కూర్చుంది. "పెంచండి" అంది. చుక్కలు. "తగ్గించండి." పలచబడ్డాయి. "ఆపండి." సూది కదులుతూనే ఉంది, అడుగున నేల గీత తప్ప కాగితం తెల్లగా వచ్చింది. తిడుతుందనుకున్నాను. నేనైతే నాలాంటివాణ్ని నీళ్లలోకి తోసేవాణ్ని. ఆమె పదకొండు రోజుల చుట్టలూ తీసి, ఒక్కొక్కదాని మీద అడ్డంగా గీత కొట్టి, కింద 'వైరు లోపం, మెకానిక్ చెప్పాడు' అని రాసి సంతకం పెట్టింది. చింపలేదు, దాచలేదు. తర్వాత ఒక చెరుకు ముక్క నా చేతిలో పెట్టి, "గడతో వెళ్దాం పదండి" అంది.

చప్పుడు లేకుండా గడ్డి అంచుకు వెళ్లాం. సూది గడ్డిని గీసింది. దాని పక్కనే గోటి గుర్తు, మళ్లీ ఒకటి, మళ్లీ నాలుగు. గడ వేసే ఆయన నన్ను చూసి నవ్వాడు. ఈసారి నేను కసరలేదు.

మర్నాడు మేడం పైఆఫీసరు, పెద్దసారు వచ్చి పదకొండు రోజుల పని పాడైందని అరిచాడు. "తప్పు నాది సార్. మొదటిరోజే ఇంజను ఆపి సరిచూసుకోవాల్సింది" అంది మేడం. అప్పటిదాకా తల వంచుకున్నవాణ్ని, "వైరు నేనేసిన సార్" అన్నాను. "అయితే ఇంజనూ వద్దు, నువ్వూ వద్దు" అన్నాడాయన. చదువుకున్నవాళ్లను అంతకుముందూ ఆ తర్వాతా ఎంతోమందిని చూశాను. తన తప్పును అంత మామూలుగా ఒప్పుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ చాటలోంచి తల ఎత్తలేదు. "గల్లీల మొఖమెట్ల సూపియ్యాలె?" అంది. తర్వాత నాలుగు రోజులు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

ఆదివారం మళ్లీ వచ్చింది. ఇల్లంతా జనం. బయట స్కూటర్ పోయింది, టీవీ నిండా చుక్కలు లేచాయి. మా ఆవిడ ఆకులో తంబాకు పోస్తూ, నా వైపు చూడకుండానే అంది:

"సూడు, నీ చేపలొచ్చినయ్."