లత్తేరికి పోయిన తాత తాపీ

వేలూరులో పాత కాగితాలు దాచే ఆఫీసు ఒకటుంది. అక్కడ చెదలు పట్టకుండా, దుమ్ము చేరకుండా, చల్లటి గదిలో నా పరువు తీసిన రికార్డింగు భద్రంగా ఉంది. చెరిపేయండి మహాప్రభో అంటే "ఇది చరిత్ర సార్" అన్నారు. ఎవరి చరిత్ర? నాది! మీరే న్యాయం చెప్పండి.

మాది గుడియాత్తం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగులో ఎంతసేపైనా పోట్లాడతాను గానీ, రాసింది చూస్తే అక్షరాలన్నీ అక్కచెల్లెళ్ళలా ఒకే పోలికలో కనబడతాయి. మా తాత ఇళ్ళు కట్టే మేస్త్రీ. పెళ్ళికి ముందు బెంగుళూరులో పని చేస్తూ వాళ్ళమ్మకు తెలుగులో జాబులు రాసేవాడట. ఆయన పోయాక ఆ కట్ట పెట్టె అడుగున దొరికితే అవ్వ నా ముందు పెట్టింది.

"డిగ్రీ చదివినావు గదప్పా, చదువు."

రాదని చెప్పి ఊరుకోవచ్చు కదా? ఇరవై రెండేళ్ళ పొగరు! చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు చదవకుండానే పోయింది. ఆదివారానికొక జాబు చొప్పున, నోటికొచ్చింది చదివేశాను.

ఒక ఆదివారం లత్తేరి నుంచి చిన్నతాత, అంటే తాత తమ్ముడు, నాకోసం బిరియానీ పట్టుకొచ్చాడు. కృతజ్ఞత ఉండాలి కదండీ? ఆ రోజు జాబులో "నా తర్వాత నా తాపీ తమ్ముడికే చేరాల" అని చదివాను. అప్పటికి ఇరవై ఏళ్ళ కుర్రాడైన తాత వీలునామా ఎందుకు రాస్తాడని ఒక్కరూ అడగలేదు. తాత ఫోటో కింద పెట్టి, ఏటా ఆయుధపూజకు బొట్టు పెట్టే ఆ తాపీని అవ్వ కళ్ళు తుడుచుకుంటూ ఇచ్చేసింది.

నాలుగేళ్ళ తర్వాత ఆ వేలూరు ఆఫీసు మేడమ్, మన తెలుగువాళ్ళ జాబులు, ఫోటోలు, మాటలు సేకరిస్తున్నానంటూ వచ్చింది. ఆమెను ఇంటికి పిలిచింది ఎవరనుకున్నారు? నేనే! ఆమె రికార్డరు నొక్కి, ఒక జాబు తీసి గడగడా చదివింది.

"అమ్మా, ఇంట్లో ఉండే నా తాపీ తమ్ముడి చేతికి ఇయ్యొద్దు. పోయినసారి దాంతో టెంకాయ కొట్టినాడు."

అవ్వ నా వైపు తిరిగింది.

"ఏమిరా, నువ్వు చదివింది యాడ ఉండాది?"

"అది... వేరే జాబు అవ్వా."

"అన్నీ చదవమ్మా" అంది అవ్వ. మేడమ్ అన్నీ చదివింది. ఎందులోనూ లేదు.

"ఆయన చెయ్యి పట్టి అరిగిపోయిన తాపీ రా అది! బిరియానీ పొట్లానికి ఇప్పిస్తివి గదరా, పాపిష్టోడా!" దగ్గర మొదలైన తిట్లకు పావుగంట ఎడతెరిపి లేదు. మేడమ్ రికార్డరు ఆపలేదు! ఆపాలని తోచదా మనిషికి? కానీ చివర్లో అవ్వ తాత ఫోటో కింది ఖాళీ చోటును కొంగుతో తుడిచింది. అప్పుడు మాత్రం నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే లత్తేరికి పరిగెత్తాను.

"మా అన్న ఇచ్చినాడు, నువ్వే గదప్పా చదివినావు" అన్నాడు చిన్నతాత. "కాదంటే జాబు చూపించు."

జాబు ఆఫీసువాళ్ళు పట్టుకుపోయారు. ఫోన్లో దాని ఫోటో చూపిస్తే, చదవడం ఆయనకూ రాదు, ఆ వీధిలో ఎవరికీ రాదు. చేసేది లేక మేడమ్‌ను బతిమాలి రికార్డింగు తెప్పించి, అరుగు మీద పెట్టి వినిపించాను.

"టెంకాయ కొట్టింది నిజమేలే" అని చిన్నతాత నవ్వాడు. ఆపుదామనేలోపు అవ్వ తిట్లు మొదలయ్యాయి. వీధి వీధంతా చేరింది. "ఇంకోసారి పెట్టప్పా" అని చిన్నతాత మూడుసార్లు విన్నాడు. ఆనక లోపలికి పోయి తాపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వు తీసుకోని పో. ఆ తిట్లు మాత్రం నా ఫోన్‌కు పంపిచ్చు."

పంపక చస్తానా?

తాపీ మళ్ళీ ఫోటో కిందికి చేరాక, దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: సూర్యచంద్రులు ఉన్నంతవరకు, రాని అక్షరాన్ని వచ్చినట్టు చదవను, బస్సు బోర్డయినా సరే.

"నోటిమాట నాకొద్దు, రాసియ్యి" అంది అవ్వ.

తమిళంలో రాసిచ్చాను. అవ్వ దాన్ని మడిచి, చదివించుకోవడానికి పక్కింటికి తీసుకుపోయింది.