నేలవేము పథ్యం

మా అమ్మకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయి, హైదరాబాదు నుంచి నారాయణఖేడ్ తిరిగొచ్చాక, చూడ్డానికి వచ్చినవాళ్లంతా డాక్టర్లే. ఒకరు గోధుమగడ్డి రసం అన్నారు, ఇంకొకరు బొప్పాయి ఆకు అన్నారు. అందరికీ తల ఊపి, చాయ్ పోసి పంపించేదాన్ని. పెద్దమ్మలాంటి పక్కింటి ఖాలా దగ్గర మాత్రం నా పప్పులు ఉడకలేదు.

అమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఖాలాను 'ఆపా' అని అక్కలా పిలుస్తూనే, గోడకు అటూ ఇటూ నిలబడి ఆమెతో కొట్లాడుతూ ఉంది. ఒక పూట మాటామాటా అనుకోకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు. నేలవేములోని చేదు పదార్థం పెద్దపేగు క్యాన్సర్ కణాలు పాకకుండా ఆపవచ్చని ఖాలా ఫోన్లో చూసింది. మరునాడే ఆకు తెచ్చి, కషాయం కాచి అమ్మ చేతిలో పెట్టింది. ఒక్క గుటకకు అమ్మ ముఖం పెట్టిన తీరు చూసి పడీపడీ నవ్వాను.

ఆ వార్త నేనూ చదివాను. అది ప్రయోగశాలలో గాజు గిన్నెలో పెంచిన కణాల సంగతి, మనుషుల్లో ఇంకా తేలలేదని చివర్లో ఉంది. చివరిదాకా చదివే ఓపిక మా వీధిలో ఎవరికుంది? డాక్టరును అడిగేదాకా వద్దన్నాను. కొట్లాడుకునే ఇద్దరూ ఒక్కటై నా నోరు మూయించారు.

కొన్నాళ్లకు అమ్మ ముఖంలో కళ వచ్చింది. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చిన దవాఖాన గోలీలకు అరచేతులు మండి, చర్మం ఊడి, గిన్నె కూడా పట్టుకోలేకపోయిన మనిషి టపటపా జొన్నరొట్టెలు కొడుతోంది. "చూసినవా, ఆకు ఎట్ల పనిచేసిందో!" అని ఖాలా వీధంతా చాటింది. నేనూ సంబరపడి ఒక రొట్టె ఎక్కువే తిన్నాను.

తిన్నాక మందుల డబ్బా సర్దబోతే గోలీల అట్టలు నిండుగా కనిపించాయి. ఒక అట్ట తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"గోలీలు వేసుకుంటలేవా?"

"చెట్టు మందుకు పథ్యం ఉంటది గదనే. తాగినన్ని రోజులు ఇంగ్లీషు మందు ముట్టొద్దు. ఉప్పు, పులుపు గూడ బంద్ పెట్టిన," అంది అమ్మ, నేను మెచ్చుకుంటానన్నట్టు.

చేతుల మంట తగ్గింది ఆకు వల్ల కాదు, గోలీలు మానినందుకు! కోపంతో అరిచాను, ఆ వెంటనే భయమేసి ఏడ్చాను. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆకు ఆపి రేపే అమ్మను తీసుకురమ్మన్నారు. మంట ఎక్కువైతే మోతాదు తగ్గిస్తాం గానీ సొంతంగా మానకూడదని గట్టిగా చెప్పారు. అమ్మ వింటేనా? పథ్యం మధ్యలో విడిస్తే మందు వికటిస్తుందట.

చివరికి ఖాలానే పిలిచాను. సంగతి విని ఆమె ముఖం పాలిపోయింది. కషాయం గిన్నె తీసి మోరీలో పారబోసింది.

"ఆకు ఇచ్చింది నేను. పథ్యం నేనే ఇడిపిస్తున్న. రేపు దవాఖానకు పో. వాళ్లిచ్చిన గోలీలు మింగు."

"మళ్ల చేతులు మండుతయి ఆపా."

"మండనీ. రొట్టెలు నేను కొడ్త."

"నీ రొట్టెలా? చెప్పు అట్టల లెక్క ఉంటయి."

"ఉండనీ. తిట్టుకుంట తిను. నువ్వు పోతే నన్ను తిట్టేటోళ్లు ఎవలున్నరే?"

నవ్వుతూ మొదలుపెట్టిన ఖాలా ఆ మాట అని, ముఖం తిప్పుకుని ఖాళీ గిన్నె తోమసాగింది. అమ్మ తల వంచుకుని, "పొద్దుగాల ఎన్ని గంటలకు బస్సు?" అని నన్ను అడిగింది.

డాక్టరు మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. ఆ గోలీలు పూర్తయ్యేదాకా మా ఇంట్లో ఖాలా రొట్టెలే. అమ్మ రోజూ వాటికి వంక పెట్టింది. ఒక్క ముక్క మిగల్చలేదు.