మానే గాయాన్ని మాననియ్యరు

మా మేనత్త పోయిందని కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటు. సూర్యాపేటలో బస్సెక్కి నేను చేరేసరికే వాకిట్లో తీర్పు అయిపోయింది. "ఆ మొఖం ఆపరేషనే మింగింది మనిషిని. సోకులకు పోతే గిట్లనే అయితది" అంటోంది ఆ వీధి పెద్దావిడ. ఆ ఆపరేషన్ అయి ఎన్నేళ్లయిందో ఒక్కరికైనా గుర్తుందా? చెంపకూ గుండెకూ ఏం సంబంధమమ్మా? చచ్చిన మనిషిని కూడా వదలరా? కడుపు మండి ఇది రాస్తున్నాను.

అత్త నడిగూడెం బడిలో టీచరు. పుట్టుకతోనే చెంప మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చ. అందరూ దాన్ని అదృష్టమనేవాళ్లు. మోసే మనిషికి ఎలా ఉందో ఎవరూ అడగలేదు. యాభై దాటాక హైదరాబాద్ వెళ్లి తీయించుకుంది. "ఈ వయసుల ఎవలకోసమే బిడ్డా?" అని మా నాయనమ్మ నెత్తి కొట్టుకుంటే, "నా కోసమే అమ్మా. అద్దంల రోజూ సూసేది నేనే గద" అంది.

ఇక మొదలయ్యాయి పరామర్శలు. వచ్చినవాళ్లంతా కట్టు ఎత్తి చూడబోయేవాళ్లే. మిర్యాలగూడ నుంచి వచ్చిన అత్త ఆడపడుచు, పాపం ప్రేమతోనే, నూనెలో పసుపు కలిపి కుట్ల మీద పెట్టబోయింది. అత్త చేయి పట్టుకుని ఆపింది. "వదినా, మానే గాయాన్ని మాననియ్యి. దాని పని అది జేసుకుంటున్నది, నడుమ మనం కెలుకుడెందుకు?" ఆమె అలిగి, అన్నం కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.

"నీకు కోపం రాదా అత్తా?" అని అడిగాను.

"ఎందుకు రాదు? మొఖం చిట్లిస్తే కుట్లు గుంజుతయని ఆగిన. ఇప్పినంక ఒక్కొక్కల సంగతి సూస్త!"

కుట్లు విప్పారు. పక్కు దానంతటదే రాలేదాకా గోరు తగలనివ్వలేదు. ఆ తర్వాత డాక్టరు చెప్పిన జెల్ రాసి, వేలికొనతో మెల్లగా మర్దన చేసుకునేది. ఎండ తగిలితే కుట్ల గీత నల్లబడుతుందని బస్టాండుకు కూడా గొడుగే. "మహారాణి బయలెల్లింది" అని వెనకాల నవ్వేవాళ్లు. నా పెళ్లి నలుగులో ముత్తైదువలు ఒకరి మొహానికొకరు పసుపు పూసుకుంటుంటే, అత్త చెంపకు చేయి అడ్డం పెట్టి కాళ్లు చాపింది. "గీడ రాయుండ్రి, ఎంతన్న రాయుండ్రి." పసుపు వద్దందని ఆ మాట హుజూర్‌నగర్ దాకా పాకింది. అపశకునమట! నా కాపురం లక్షణంగా ఉంది, అనుమానమున్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

నా ఒంటి మీద నాకూ ఒక మాట ఉంటుందని ఆమెను చూసే నేర్చుకున్నాను. దాచుకున్న ఆ కోపాన్ని మాత్రం అత్త ఎవరి మీదా తీర్చుకోలేదు. బడి పిల్లలతోనే పొద్దు సరిపోయేది.

ఆ రోజు వాకిట్లో అత్తకు చివరి స్నానం చేయించి పడుకోబెట్టాక, తీర్పు చెప్పిన ఆ పెద్దావిడే దగ్గరికొచ్చి వంగింది. మొహం ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. పక్కనున్నామెను మోచేత్తో పొడిచి, "ఏ చెంపకే ఆపరేషన్ అయింది?" అని గుసగుసగా అడిగింది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని తానూ వంగింది.

నేను చెప్పలేదు. ఇద్దరూ వెతుకుతూనే ఉన్నారు.