తొడ మీద బొగ్గు గీతలు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లున్న ఏడాది, మా ఇంట్లో అందరి చూపూ నా కుడి మోకాలి మీదే ఉండేది. మా ఊరు గోపన్‌పల్లి బండల మీద నుంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. పట్నంలోని పెద్ద దవాఖానలో సిమెంటు కట్టు వేశారు. మూడు నెలల తర్వాత కట్టు విప్పితే, ఎముక అతికింది గానీ మోకాలు వంగలేదు. కర్రలా ఉండిపోయింది. నెల రోజుల్లో మంచం మీద కూర్చుంటే కాలు కిందికి వేలాడేంతగా వంగాలనీ, లేకపోతే మత్తుమందిచ్చి తామే వంచాల్సి వస్తుందనీ, అప్పుడు ఎముక మళ్లీ విరిగినా విరగొచ్చనీ డాక్టరుగారు అమ్మతో చెప్పారు. నేను పక్కనే ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఆ మాట నాతోపాటే రైల్లో లింగంపల్లి దాకా, అక్కడి నుంచి ఎడ్లబండిలో ఇంటి దాకా వచ్చింది. రోజూ పొద్దున్నే లేచి ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని. అమ్మ నా ముందు నవ్వేది. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం కూర మాడుతున్నా గమనించేది కాదు.

మా తాత తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టెక్కే ముందు ఆయనకొక అలవాటుండేది. చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టే మోకును పక్కన పెట్టి, బండ మీద కూర్చుని కాళ్లు చాపి, మెల్లగా ముందుకు వంగి పాదాలు పట్టుకుని, చాలాసేపు కదలకుండా ఉండేవాడు. తర్వాత తుంటి, నడుము, ఒక్కో భుజం. కళ్లు మూసుకుని ఎవరి మాటో వింటున్నట్టుండేవాడు. తోటివాళ్లు అప్పటికే సగం చెట్టు ఎక్కేసేవారు. మేం దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు ఆయన నన్ను ఎత్తుకుని ఆ బండ దగ్గరికి తీసుకుపోయాడు.

నా మడమ కింద చెయ్యి పెట్టి, మోకాలు నన్నే మెల్లగా వంచమన్నాడు. ఎక్కడ పట్టేస్తున్నదో చెప్పమన్నాడు. కాలంతా నొస్తోందన్నాను.

"కాలనకు బిడ్డా. కాలంటె గజమంత ఉంటది. వేలు పెట్టి చూపెట్టు."

కళ్లు మూసుకుని వెతికాను. మోకాలికి జానెడు పైన, తొడ ముందు వైపు, తాడు గుంజినట్టుంది. అక్కడ వేలు పెడితే తాత బొగ్గుతో గీత గీశాడు. వెనక్కి రాకుండా అక్కడే ఉండి పదిసార్లు ఊపిరి వదలమన్నాడు. గుంజుడు వేరు, పోటు వేరు అని చెప్పాడు. గుంజితే ఓపిక పట్టాలట, పొడిస్తే వెనక్కి రావాలట. అప్పటి నుంచి రోజూ అదే పని. సాయంత్రం అమ్మ గీతలు కడిగేసేది, పొద్దున కొత్తవి పడేవి.

వారం గడిచినా తేడా కంటికి ఆనలేదు. నాకు ఆగబుద్ధి కాలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేల మీద కూర్చుని, పాదం గోడకు ఆనించి, బలమంతా పెట్టి ముందుకు జరిగాను. మోకాలి లోపల కత్తి దిగినట్టయింది. సాయంత్రానికి ఉబ్బింది. చెప్తే రేపే దవాఖానకు తీసుకుపోతారన్న భయంతో లంగా కింద దాచుకున్నాను.

మర్నాడు తాత మోకాలి మీద చెయ్యి వేశాడు. అది కాలిపోతోంది. చెయ్యి తీసేసి, తన ఒళ్లు సాగదీసుకోవడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి పైకెత్తుతూ సగంలో ఆగిపోయాడు. మళ్లీ ఎత్తి చూశాడు, మళ్లీ ఆగాడు. మోకు భుజాన వేసుకుని, ఇవాళ ఎక్కనన్నాడు. కల్లు బాగా పారే ఎండాకాలం అది. పైన కట్టిన లొట్లు, కల్లు కుండలు, నిండి ఉంటాయని నాకూ తెలుసు. భయమైందా తాతా అని అడిగాను.

"భుజంల పోటున్నది. పైకి పోయినంక తెలిస్తె ఏం ఫాయిద? భయం అందరికి అయితది బిడ్డా. గని ఒంటికి అబద్ధం చెప్పి చెట్టెక్కొద్దు."

అప్పుడు నేను నిన్నటి సంగతంతా చెప్పి ఏడ్చాను. ఆయన తిట్టలేదు. అమ్మతో తనే చెప్పాడు. ఐదు రోజులు వంచడం మానిపించి తడిగుడ్డ వేయించాడు. నెల గడువులోంచి నా చేతులతో నేనే తీసి పారేసుకున్న రోజులవి. వాపు తగ్గాక మళ్లీ మొదటికొచ్చాం.

గడువు రోజున దవాఖానకు పోయాం. కాలు సగమే వంగింది. డాక్టరుగారు పెదవి విరిచారు. మత్తుమందు గదిలో మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కోమని నర్సుకు చెప్పి, నా మడమ పట్టుకుని కిందికి నొక్కారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నొప్పిగా ఉందా అని ఆయన అడిగితే నేను కళ్లు మూసుకుని, ఊపిరి వదిలి, తొడ మీద వేలు పెట్టాను.

"ఈడ గుంజుతుంది సార్. మోకాల్ల పోటు లేదు. జర ఆగితె ఇంకింత వంగుతది."

ఆయన నొక్కడం ఆపి, చెయ్యి అలాగే ఉంచారు. నేను పది ఊపిర్లు వదిలాను. కాలు బొటనవేలంత కిందికి దిగింది. ఆయన ఆ కండరాన్ని తడిమి చూసి, ఇదెవరు నేర్పారని అడిగారు. అమ్మ తలుపు దగ్గరున్న తాతను చూపించింది. తాత తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కీలు బాగానే ఉంది. కండరమే పట్టేసింది. ఇలాగే చేయించు పెద్దాయనా, రెండు నెలల తర్వాత చూద్దాం" అన్నారు డాక్టరుగారు. 

వానలు వెళ్లేసరికి నా కాలు మంచం మీద నుంచి వేలాడింది. మరుసటి ఏడాది బడి తెరిచేనాటికి నడిచి వెళ్లాను. మోకాలు పూర్తిగా మడిచేటప్పుడు ఆ చివరి కాస్త మాత్రం ఈనాటికీ వంగదు.

మొన్న మా ఆయనకు గుండె ఆపరేషను జరుగుతుంటే బయట కుర్చీలో కూర్చున్నాను. ముందు ఒళ్లంతా భయమే అనిపించింది. కళ్లు మూసుకుని అది ఎక్కడుందో వెతికాను. పక్కటెముకల కింద, ఎడమ వైపు, అరచేతి మేర బిగుసుకుని ఉంది. అక్కడికే మనసు పెట్టి మెల్లగా ఊపిరి వదిలాను. భయం పోలేదు. కానీ అరచెయ్యంత భయంతో ఆ నాలుగు గంటలూ నిటారుగా కూర్చోగలిగాను.