చెయ్యి ఇవ్వకూడదన్న రూలు

మా బావ మొండి ఘటం. ఈ మాట ఆయన ముందే అంటాను, చాటుగా అనాల్సిన ఖర్మ నాకు లేదు. మా అక్కను ఇచ్చినప్పుడు మనిషి నెమ్మదస్తుడని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. నెమ్మదే, కాదనను. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఇద్దరం ఒకే షెడ్డులో ముప్ఫై నాలుగేళ్లు టెంట్లు కుట్టాం. టెంటు గుడ్డ బల్ల మీద పట్టదు. నేల మీద పరిచి, చుట్టూ పాకుతూ గీతలు గీయాలి, కత్తిరించాలి, అంచులు మడవాలి. రోజుకి వందసార్లు కింద కూర్చునేవాళ్లం, వందసార్లు లేచేవాళ్లం. అది కసరత్తని ఎవరికీ తట్టలేదు. బావ కత్తిరిస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు, అందుకే షెడ్డులో అందరూ ఆయన్ని కొలబద్ద అనేవాళ్లు. మాతో పాటు నూనెడబ్బా ఉండేవాడు. మిషన్లకి నూనె వేయడం అతని పని, ఆ పేరు అలా వచ్చింది. అతను నాకు స్నేహితుడు.

"ఊళ్లో వాళ్లంతా మనం కుట్టిన టెంట్లలో పడుకుంటున్నారు. మనం ఒక్కసారైనా పడుకున్నామా?" అని ఒకరోజు నూనెడబ్బాయే అన్నాడు. రంగు తేడా వచ్చిందని మూల పడేసిన గుడ్డ అడిగి తెచ్చి, బావ ముగ్గురికి సరిపడా టెంటు కుట్టాడు. అప్పటి నుంచి ఏటా వానలు వెనకబట్టాక మూడు రోజులు కొండ మీద, వాగు పక్కన ఉండి వచ్చేవాళ్లం.

రూళ్లు బావవి. వెళ్లే ముందు ఆదివారం ఎవరి సంచి వాళ్లు భుజాన వేసుకుని షెడ్డు వెనక గోడౌను మెట్లు నాలుగంతస్తులూ ఎక్కాలి. మధ్యలో ఆగినవాడు ఆ ఏడు ఇంట్లో కూర్చోవాలి. ఇక కొండ మీద ఎవరూ ఎవరికీ చెయ్యి ఇవ్వకూడదు. "ఒకడు పడబోతుంటే చెయ్యిచ్చావనుకో, ఇద్దరూ పడతారు" అనేవాడు. అప్పటికి మేం గట్టిగా ఉన్నాం కాబట్టి సరేనన్నాం. ఉడుకు రక్తం ఏ రూలుకైనా తలూపుతుంది.

రిటైరయ్యాక కూడా బావ ఆ మెట్లు వదల్లేదు. తెల్లారగానే సంచిలో ఇసుక నింపుకుని తన బిల్డింగు మెట్లు ఎక్కి దిగేవాడు.

"ఈ వయసులో ఈ కుస్తీలేమిటండీ?" అని అక్క సణిగేది.

"ఆ మూడు రోజుల కోసమేనే మిగతా మూడు వందల అరవై రెండు రోజులూ తింటున్నాను."

అది నవ్వులాటకి అన్నది కాదు. కొండ లేకపోతే ఆయనకి ఏడాదే లేదు. మెట్లు దిగి వచ్చి మాత్రం ఎత్తు కుర్చీలో కూర్చునేవాడు, ఎత్తు మంచం మీద పడుకునేవాడు. ఏడాది పొడవునా నేల మీద కూర్చునే పని ఆయనకి లేకపోయింది. మాలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. మెట్లెక్కితే చాలనుకున్నాం.

పోయినేడు గోడౌను మెట్లెక్కుతూ నూనెడబ్బా మూడో అంతస్తులో ఆగిపోయాడు. గోడకి వీపు ఆనించి, "ఒక్క నిమిషం కొలబద్దా, ఊపిరి తీసుకోనీ" అన్నాడు.

"వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు బావ, వెనక్కి తిరిగి చూడకుండానే.

"పోనీ బావా, అతని సంచి నేను మోస్తాను" అన్నాను.

"అయితే నువ్వూ ఉండిపో."

నా సంచి సర్దుకుని ఆయన వెనకే పైకెక్కాను. తీరా ఆ వారమే గాలివాన పట్టుకుంది, మేమూ వెళ్లలేదు. వెళ్లని ప్రయాణానికి ఒక మనిషిని వద్దన్నాం. ఆ తర్వాత నూనెడబ్బా వీధి చివరిదాకా నడవడం కూడా మానేశాడు. "ఎక్కడికని నడవనురా?" అనేవాడు. నాలుగు నెలలు మంచం పట్టి పోయాడు. బావ వచ్చి కాసేపు నిలబడి వెళ్లాడు. కంట తడి పెట్టలేదు. నాకు కడుపు మండిపోయింది.

ఈ ఏడు ఇద్దరమే. డెబ్బై ఒక్కేళ్ల మనిషి నాలుగంతస్తులూ ఆగకుండా ఎక్కాడు. అరవై ఆరేళ్ల నేను వెనకాల రొప్పుతూ ఎక్కాను. కొండ మీద మొదటి రోజు బాగానే గడిచింది. బండ మీద కూర్చుని వాగులో కాళ్లు పెట్టి, "చాలురా, ఇంకేం కావాలి" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా చప్పుడైతే చూశాను. బావ టెంటు గుమ్మంలో మోకాళ్ల మీద, చేతుల మీద ఉన్నాడు. ఒక కాలు ముందుకు తెస్తాడు, లేవబోతాడు, మళ్లీ కూలబడతాడు. నన్ను చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"ఒకసారి చెయ్యి ఇవ్వరా."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నాకు మూడో అంతస్తు గోడ కళ్ల ముందుకొచ్చింది.

"రూలు నీదే కదా బావా" అన్నాను. క్యాను తీసుకుని నీళ్లకి వెళ్లిపోయాను.

వాగు ఇరవై అడుగులు కూడా ఉండదు. కావాలనే ఆలస్యం చేశాను. మొహం కడుక్కున్నాను, క్యాను నింపి, ఒంపేసి, మళ్లీ నింపాను. అప్పుడు వినపడింది. టెంటు కర్ర పట్టుకుని లేవబోతే అది ఊడొచ్చి, ఆయన పక్కకి రాయి మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. పక్క టెంటు వాళ్లు నలుగురొచ్చి ఆ టెంటు గుడ్డలోనే ఆయన్ని కిందికి మోశారు. దార్లో ఒక్క కుట్టు కూడా తెగలేదు.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. కొండ మీద పొద్దున్నే టెంటు గుమ్మంలో మాకు వీపు పెట్టి కూర్చుని, చాలాసేపు బూట్ల లేసులు కట్టుకునేవాడు నూనెడబ్బా. బావ అతని భుజం మీద చెయ్యి వేసి లేచేవాడు. చెయ్యి ఇవ్వకూడదన్నాడు కానీ, భుజం సంగతి రూలులో లేదు. ఎన్నేళ్లు అలా లేపాడో. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇక నడక లేదన్నాడు డాక్టరు. అక్కతో బావ, "కాలు జారిందే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అవునని తలూపాను, సిగ్గులేకుండా.

రోజూ వెళ్తాను. చక్రాల కుర్చీలో కూర్చుని నన్ను నేల మీద కూర్చోబెట్టి లేపిస్తాడు, ఇరవై సార్లు. "మెట్లెక్కితే చాలనుకున్నాం, వెధవలం మనం. నువ్వైనా నేర్చుకో" అంటాడు. మోకాలి మీద చెయ్యి ఆనిస్తే ఆ సారి చెల్లదంటాడు.

నిన్న పదిహేడోసారి లేవలేకపోయాను. రెండుసార్లు ప్రయత్నించి అలాగే కూర్చుండిపోయాను. వంటింట్లో అక్క గిన్నెలు కడుగుతోంది. బావ కుర్చీలోంచి ముందుకి వంగి చెయ్యి చాపాడు. ఎముకలు తేలిన చెయ్యి.

"వద్దు బావా, పడతావు."

"పట్టుకోరా. రూలు నాదే కదా."

ఆ మాట తిట్టో, క్షమించడమో నాకు తెలియలేదు. ఆయన మొహంలో వెతికాను, ఏమీ దొరకలేదు. ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని, బరువంతా రెండో చేత్తో నేల మీద మోపి లేచాను.

"ఇది చెల్లదు" అన్నాడు బావ. చెయ్యి మాత్రం వదల్లేదు.