బుచ్చమ్మ నోరు మూసిన పొద్దు

హఫీజ్‌పేట్ స్టేషను వెనక గల్లీలో నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్ళొచ్చిన పొద్దు బుచ్చమ్మ తన బిందె ముందు పెట్టి, ఎదురింటి రుక్కమ్మ బిందెను కాలితో పక్కకు జరిపి, ఆమె ఏడు తరాల వాళ్ళనూ పేరుపేరునా పలకరిస్తుంది. రుక్కమ్మ కూడా బాకీ ఉంచుకునే మనిషి కాదు. ఆ గోలకే గల్లీ అంతా లేస్తుంది. అలారం పెట్టుకునే ఖర్మ అక్కడ ఎవరికీ లేదు.

బుచ్చమ్మ మనవరాలు ప్రవీణ హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. ఆ కంపెనీ ఆడపిల్లల కబడ్డీ జట్టులో కూతకు వెళ్ళేది ఆమే. ఆ పిల్లకు కాలి వేగం, జబ్బ బలం తన పోలికేనని బుచ్చమ్మ నమ్మకం. కోడలి వైపు నుంచి వచ్చింది ముక్కు ఒక్కటే.

ఈ ఏడు ఆ జట్టుకు లోహిత్ అనే కోచ్ వచ్చాడు. కాకినాడ అబ్బాయి. పిల్లలందరికీ తలా ఒక పట్టీ ఇచ్చి, పొద్దున్నే పక్క దిగకముందే ఛాతీకి కట్టుకుని కదలకుండా పడుకోమన్నాడు. గుండె తీరు ఫోనులోకి ఎక్కి అతనికి చేరుతుంది. సాయంత్రం ఆటయ్యాక ఎంత కష్టమనిపించిందో పదికి మార్కులు వేయమంటాడు. రెండూ కలిపి చూసి, ఎవరిని ఆడించాలో ఎవరిని కూర్చోబెట్టాలో తేలుస్తాడు.

ఫైనల్‌కు వారం ముందు అతను ఇంటికే వచ్చాడు.

"మామ్మగారూ, ప్రవీణ లెక్క ఒకరోజు బాగుంటోందండి, మర్నాడు పడిపోతోందండి. ఇలాగైతే ఫైనల్లో కూర్చోబెట్టాల్సి వస్తుందండి."

"పడిపోవుడేంది సారూ? గుండె మంచిగ టిక్కు టిక్కున కొట్టుకుంటలేదా?"

"అలా గడియారంలా కొట్టుకుంటేనే అలసిపోయినట్టండి. విశ్రాంతి దొరికిన గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం కాస్త మారుస్తూ ఉంటుందండి."

"అంటే లెక్క తప్పితే మంచిది, తప్పకుంటే రోగం. నీకు జీతమెవడిస్తుండు బిడ్డా?"

ప్రవీణ తల పట్టుకుంది. లోహిత్ మాత్రం నవ్వి, పొద్దున ఇంట్లో ఏమైనా గోలగా ఉంటుందా అని అడిగాడు.

"గోలేముంటది, గుడి లెక్కుంటది," అంది బుచ్చమ్మ.

"నీళ్ళొచ్చిన నాడు వచ్చి చూడు సారూ, గుడి కనపడ్తది," అంది రుక్కమ్మ తన గడపలోంచి.

లోహిత్ ఫోను తిప్పి చూశాడు. లెక్క పడిపోయినవన్నీ నీళ్ళొచ్చిన రోజులే. ఫైనల్ కూడా నీళ్ళ రోజే.

"ఆ ఒక్క పొద్దు మీరు మాట్లాడకుండా ఉండగలరాండి?"

"నా నోరు నా మొగుడే మూయలేకపోయిండు." బుచ్చమ్మ లేవబోయింది. ఏడాదంతా ఆ ఆట కోసం మోకాళ్ళు చెక్కుకుపోయిన పిల్ల మొహం కనబడింది. మళ్ళీ కూర్చుంది. "సరే పో. ఒక్క పొద్దే."

ఫైనల్ రోజు నీళ్ళొచ్చాయి. ఆమె ఒట్టు సంగతి తెలిసిన రుక్కమ్మ తన బిందె ముందు పెట్టింది. బుచ్చమ్మ పెదవులు బిగించి, బిందెను చూపింది, తన గుండె తట్టుకుంది, ఆకాశానికి దండం పెట్టింది. రుక్కమ్మ మణికట్టు తిప్పి జవాబిచ్చింది. బుచ్చమ్మ రెండు చేతులతో ఏదో పొడవు కొలిచి చూపింది.

"ఏమంటుంది?" అని ఒకామె పక్కామెను గుసగుసగా అడిగింది.

"రుక్కమ్మ ఆడబిడ్డ గురించి అనుకుంటా."

లోపల పట్టీ కట్టుకుని పడుకున్న ప్రవీణకు బిందెలో పడే నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది గానీ అవ్వ వినిపించడం లేదు. ముందు హాయిగానే ఉంది. తర్వాత, అవ్వ నల్లా దగ్గర జారిపడిందేమోననిపించింది. కదలకూడదు. గుండె దడదడలాడింది. కొలత అయిందని ఫోను మోగిన వెంటనే జుట్టు విరబోసుకుని బయటికి ఉరికింది.

"అవ్వా, ఉన్నవా పోయినవా?"

ట్రాఫిక్ పోలీసులా చేతులెత్తి నిలబడ్డ బుచ్చమ్మ తెల్లబోయింది.

అంతలో లోహిత్ ఫోను. "ప్రవీణా, లెక్క ఎప్పుడూ లేనంత పడిపోయిందండి. ఇవాళ మిమ్మల్ని ఆడించలేనండి."

బుచ్చమ్మ ఫోను లాక్కుంది. పొద్దుట్నించీ ఆపుకున్నదంతా రుక్కమ్మకు దక్కకుండా అతనికే దక్కింది. పట్టీని అంది, పట్టీ కనిపెట్టినవాణ్ణి అంది. అతను ఓపిగ్గా విని, ప్రవీణకు ఇవ్వమన్నాడు.

"నిద్ర పట్టిందాండి? కాళ్ళు బరువుగా ఉన్నాయా?"

"నిద్ర మంచిగ పట్టింది సార్. కాళ్ళు అల్కగున్నయి. అవ్వ తిట్లు వినపడకపోయేసరికి పరేషాన్ అయిన."

"అయితే మళ్ళీ పడుకోండి, ఇంకోసారి కొలుద్దామండి. మామ్మగారిని ఎప్పటిలాగే తిట్టమనండి."

"తిట్టమంటే తిట్లెట్లొస్తయి సారూ, కోపం రావద్దా?" అంది బుచ్చమ్మ. రుక్కమ్మ ఆ మాట విని, బుచ్చమ్మ బిందెను కాలితో పక్కకు నెట్టింది. వచ్చాయి.

లోపల మళ్ళీ పడుకుని లేచిన ప్రవీణ ఫోను మోగింది. "ఇది ఎప్పుడూ ఉండే నీళ్ళ రోజు లెక్కేనండి," అన్నాడు లోహిత్. "పాతవి తీసి చూశాను. ఈ లెక్కతోనే మీరు బాగా ఆడారు. అలసట కాదు, అలవాటు. గ్రౌండుకు వచ్చేయండి, ఆడుతున్నారు."

ప్రవీణ బూట్లు చేతిలో పట్టుకునే పరుగెత్తింది. అప్పటికి నల్లా ఆగిపోయింది. రెండు బిందెలూ సగమే నిండాయి.

"ఆట చూడ వస్తవా?" అంది బుచ్చమ్మ.

"నీ పక్కన కూసోను," అంది రుక్కమ్మ.

"కూసోకు. ముందల కూసో. నీ తల అడ్డమొస్తే నేను చెప్త."